కోచ్ క్రెస్ ఆడిన అబద్ధం

డెల్మర్ క్రెస్ చచ్చిపోలేదు. ముందే చెప్పేస్తున్నాను. మా ఊళ్ళో వాళ్ళు అతని గురించి మాట్లాడే తీరు చూస్తే కొత్తవాళ్ళెవరైనా పోయాడనే అనుకుంటారు. "మంచివాడు పాపం" అంటారు, గొంతు తగ్గిస్తారు, ఆ వెంటనే కొత్త కోచ్ ఎవరెవర్ని తెచ్చాడో మొదలుపెడతారు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. ఊరి చివర విత్తనాలూ దాణా అమ్మే కొట్లో పని చేస్తున్నాడు. నన్ను చూస్తే తల ఊపుతాడు. నేనూ ఊపుతాను. ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో పోట్లాడుకున్నవాళ్ళం, ఇప్పుడు అంతకుమించి మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

అతను జీవితంలో ఒక్కసారే అబద్ధమాడాడు. అది ఊరికి తెలియదు. తెలిసినవాళ్ళం నలుగురం, అందులో నేనొకదాన్ని.

నా పేరు నాడీన్ వెర్ట్జ్. ఫెర్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి ట్రైనర్‌ని. ట్రైనర్ అంటే ఆట నేర్పే మనిషి కాదు. చీలమండలకి పట్టీలు చుట్టేదాన్ని, మోకాళ్ళ మీద ఐసు పెట్టేదాన్ని, పడినవాణ్ణి లేపాలో పడుకోబెట్టే ఉంచాలో చెప్పేదాన్ని. పిల్లల ఒంట్లో ఎక్కడ నొప్పి ఉందో వాళ్ళ తల్లులకన్నా నాకే ముందు తెలుస్తుంది. తెలిసింది తెలిసినట్టు కడుపులో దాచుకోవడం నా ఉద్యోగం. మిగతా విషయాల్లో నా నోటికి అడ్డూ అదుపూ లేదని ఊరంతా అంటారు. నిజమే అంటారు.

క్రెస్ ఈ కాలేజీలోనే చదివాడు, ఈ జట్టులోనే ఆడే వంతు రాక నాలుగేళ్ళు బల్ల మీద కూర్చున్నాడు. అతని పేరు మీద మొత్తం పదకొండు పాయింట్లు ఉన్నాయి. ఆడలేనివాడికే ఆట బాగా అర్థమవుతుందని అతని నమ్మకం. చదువవగానే ఇక్కడే చిన్న కోచ్‌గా చేరి, ముప్పై తొమ్మిదో ఏట పెద్ద కోచ్ అయ్యాడు, పందొమ్మిదేళ్ళు చేశాడు. ఊళ్ళో అందరికీ కోచ్, చివరికి భార్య వాండాకి కూడా. "కోచ్, చెత్త బయట పెట్టావా?" అని ఆవిడ కేకెయ్యడం నేను చెవులారా విన్నాను.

పెద్ద కాలేజీలు వద్దన్న పిల్లలు మాకు వచ్చేవారు. ఒకడు పొడుగే గాని పరిగెత్తలేడు, ఇంకొకడు పరిగెత్తుతాడు గాని ఎటో తెలియదు. క్రెస్ వాళ్ళని తీసుకుని మొదటి ఏడాది ఆడించకుండా కూర్చోబెట్టి పని చేయించేవాడు. పాత జిమ్‌లో చలికి నోట్లోంచి పొగలొస్తుంటే, నేల మీద సుద్దముక్కతో పాదాల గుర్తులు గీసి, కుడి ఎక్కడ వెయ్యాలో ఎడమ ఎక్కడ వెయ్యాలో నడిపించేవాడు. తను చీపురు పైకెత్తి నిలబడి, దాని మీదుగా బంతి వెయ్యమనేవాడు. మూడో ఏడు వచ్చేసరికి ఆ పిల్లవాణ్ణి వాడి సొంత మేనమామ కూడా గుర్తుపట్టలేడు.

అప్పుడు రూలు మారింది. ఆటగాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు కాలేజీ మారొచ్చన్నారు. వసంతకాలంలో ఒక జాబితా తెరుస్తారు, పోర్టల్ అంటారు. పోదలుచుకున్నవాడు అందులో పేరు పెట్టుకుంటాడు, కావాల్సిన కాలేజీవాళ్ళు డబ్బిచ్చి ఎగరేసుకుపోతారు. మా వాళ్ళు పోవడం మొదలైంది. కోచ్ మూడేళ్ళు పెంచడం, పంట చేతికొచ్చే వేళకి ఎవడో వచ్చి కోసుకుపోవడం. అతను పల్లెత్తు మాట అనేవాడు కాదు. నేను అనేదాన్ని, అతని వంతు కూడా కలిపి.

ఈ బేరాల్లో ఒక ఆచారం ఉంది. ఆటగాణ్ణి తీసుకోబోయే కోచ్, వదులుకుంటున్న కోచ్‌కి ఫోన్ చేస్తాడు. "ఏమిటి సంగతి? ఏమన్నా లోపముందా?" అని అడుగుతాడు. అవతలివాడు "బంగారంలాంటి పిల్లాడు" అంటాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న బాపతు. క్రెస్ ఒక్కడే ఉన్నదున్నట్టు చెప్పేవాడు. "మొదటి నెల ఇంటి మీద బెంగతో ఏడుస్తాడు, పట్టించుకోకండి, ఆఖరి రెండు నిమిషాల్లో బంతి మాత్రం వాడికే ఇవ్వండి" అని ఒకడి గురించి. "క్లాసుకి పోడు, తల్లితో చెప్పండి, ఆవిడ మాట వింటాడు" అని ఇంకొకడి గురించి. తన దగ్గర్నుంచి పోతున్నవాడి మేలు కోరి నిజం చెప్పే కోచ్‌ని నేను వేరే చూడలేదు. దేశమంతా అతని మాటకి అలా ఒక విలువ వచ్చింది.

పిల్లల్ని తెచ్చుకోవడం దగ్గరికొచ్చేసరికి అదే అతన్ని ముంచింది. తనలాగే అందరూ నిజం చెప్తారనుకున్నాడు. ఒక ఏడు పోర్టల్‌లోంచి ముగ్గుర్ని తెచ్చాడు. ఒకడికి నడుము పనికిరాదు. ఒకడు నవంబరు దాకా ఉండి చెప్పకుండా పోయాడు. మూడోవాడు ఆడతాడు, పక్కవాళ్ళని ఆడనివ్వడు. ఆట రోజులు ఉన్నన్నాళ్ళూ శనివారం పొద్దున ఫైర్ స్టేషన్ హాల్లో ఊరి పెద్దమనుషులకి బిస్కట్లనే మెత్తటి రొట్టెలూ గ్రేవీ పెడతారు. కోచ్ వచ్చి నిలబడి వాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఉత్తరాలు పంచి రిటైరైన బర్ల్ షుమేట్ ముందు వరసలో కూర్చుంటాడు.

"ఏం కోచ్, ఆ పొడుగాయన నడుము ఎప్పుడు లేస్తుంది? ఈస్టర్‌కా?" అన్నాడు బర్ల్.

"డాక్టరు చూస్తున్నాడు."

"తెచ్చుకునేముందు వాళ్ళ కోచ్‌ని అడగలేదా?"

"అడిగాను. రాయిలా ఉన్నాడన్నాడు."

"ఓరి నీ అమాయకత్వం తగలెయ్య! నా పాత ట్రక్కు అమ్మేటప్పుడు నేనూ అదే అన్నాను."

హాలంతా నవ్వింది. క్రెస్ చెవులు ఎర్రబడ్డాయి. "నన్నడిగితే ఉన్నదే చెప్తాను బర్ల్" అన్నాడు.

"అందుకేగా, నీ దగ్గర అందరూ కొంటారు. నీకు మాత్రం అందరూ పుచ్చు సరుకే అమ్ముతారు."

ఆ మాట నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది. క్రెస్‌కి మనుషుల్ని తయారుచెయ్యడం వచ్చు, తయారైనవాళ్ళని ఏరుకోవడం రాదు. మొదటిది వచ్చినవాణ్ణి రెండోది వచ్చా అని పాత రోజుల్లో ఎవరూ అడిగేవారు కారు.

టేవియన్ రెన్‌ఫ్రో మాకు నది అవతలి కెంటకీ రాష్ట్రం నుంచి వచ్చాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాలు. చేతికి బంతి అందిస్తే జారిపోయేది. వాడి చేతులు చూసి నేనే అన్నాను, "కోచ్, వీడికి బంతి బదులు గంప ఇవ్వు" అని. క్రెస్ వాణ్ణి కాలేజీ వంటింటికి తీసుకుపోయాడు. తడి బంగాళాదుంపలు విసిరేవాడు, ఒంటి చేత్తో పట్టమనేవాడు. కింద పడినన్ని టేవియన్ చెక్కు తియ్యాలి. మొదటి నెల కాలేజీ అంతా బంగాళాదుంపల కూరే తిన్నాం. క్రిస్మస్ నాటికి వంటావిడ "ఏం, ఈమధ్య పడెయ్యడం మానేశావు, నాకెవరు చెక్కు తీస్తారు?" అని వాణ్ణి దెప్పింది. వాడు పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. నెమ్మదైన పిల్లవాడు. తల్లి లట్రీస్ కోళ్ళ ఫ్యాక్టరీలో కత్తి పట్టుకుని నిలబడి పని చేసేది. ఆట చూడ్డానికి వచ్చినప్పుడు రెండు మణికట్లకీ పట్టీలుండేవి. ఒకసారి నేను విప్పి మళ్ళీ కట్టాను. వేళ్ళు పూర్తిగా మూసుకోవు.

రెండో ఏడు అయ్యాక, ఆగస్టులో, వాడి ఎడమ బూటు చూశాను. అడుగు ఒక పక్కే అరిగింది. నొప్పి దాచుకుని నడుస్తున్నాడని బూటే చెప్పింది. స్కాన్ తీయించాం. పాదం మధ్యలో వంపు దగ్గర ఒక చిన్న ఎముక ఉంటుంది, దానికి నెత్తురు సరిగ్గా అందదు. అందులో సన్నటి చీలిక. డాక్టరు టేవియన్‌నీ, క్రెస్‌నీ, నన్నూ కూర్చోబెట్టి చెప్పాడు. "ఈసారికి అతుకుతుంది. అతికాక కూడా మోతాదు దాటితే మళ్ళీ విరుగుతుంది. మళ్ళీ విరిగితే మాత్రం నన్నడక్కండి."

ఎనిమిది వారాలు కాలు కింద పెట్టనివ్వలేదు. ఆ తరువాత క్రెస్ ఒక లెక్క పెట్టుకున్నాడు. నలభై నిమిషాల ఆటలో వాడికి ఇరవై నాలుగు నిమిషాలు, మించకూడదు. ఆట మర్నాడు పరుగు లేదు. నిమిషాలు నేను నా అరచేతి మీద పెన్నుతో గీసుకునేదాన్ని. ఇరవై నాలుగు కాగానే చెయ్యి చూపిస్తే, ఆట ఎక్కడున్నా సరే, వాణ్ణి పిలిచి కూర్చోబెట్టేవాడు. వాణ్ణి కూర్చోబెట్టి నాలుగు ఆటలు ఓడిపోయాం. శనివారం హాల్లో బర్ల్ లేచి నిలబడి మరీ తిట్టాడు. "గెలిచే గుర్రాన్ని కట్టేసి గాడిదల్ని పరిగెత్తిస్తున్నావేమయ్యా?" కారణం చెప్తే కుర్రాడి పాదం సంగతి ఊరికి తెలుస్తుంది. క్రెస్ తిట్లు తిని, గ్రేవీ తిని వచ్చాడు.

ఇరవై నాలుగు నిమిషాల్లో టేవియన్ పదిహేడు పాయింట్లు వేసేవాడు. ఎందుకు అన్నే నిమిషాలో తెలియని పెద్ద కాలేజీలవాళ్ళు, మా దగ్గర ఇరవై నాలుగైతే తమ దగ్గర ముప్పై ఆరు ఆడిస్తే ఎన్ని వేస్తాడో లెక్కగట్టుకున్నారు. అదీ మా ఖర్మ.

మార్చిలో ఆటలు అయిపోయాయి. క్రీడల డైరెక్టరు ట్రెంట్ ఆల్‌బ్రెక్ట్ క్రెస్‌ని పిలిచాడు. నలభై ఏళ్ళు లేవు, బూట్లు మాత్రం మెరుస్తుంటాయి. "పెంచడం పాత పద్ధతి కోచ్. ఇప్పుడు తెచ్చుకోవాలి. టేవియన్ ఉండిపోయి, ఇంకో ఇద్దరు మంచివాళ్ళు వస్తే నీ ఒప్పందం పొడిగిస్తాను. లేదంటే వచ్చే ఏడే ఆఖరు" అన్నాడు. క్రెస్ వచ్చి నాకు అదే ముక్క, అదే గొంతుతో చెప్పాడు.

వారం తిరక్కుండా టేవియన్ వచ్చాడు. నేను గదిలోనే ఉన్నాను. వాడు నన్ను చూసి కూడా ఆగలేదు.

"పోర్టల్‌లో పేరు పెట్టాను కోచ్."

"మంచిది" అన్నాడు క్రెస్. "ఎవరు?"

వాడు ఉత్తరాన ఉన్న ఒక పెద్ద విశ్వవిద్యాలయం పేరు చెప్పాడు. మా జిమ్‌లో మూడువేల మంది పడతారు, వాళ్ళ దాంట్లో మా ఊరూ పక్క ఊళ్ళూ కలిపి కూర్చోబెట్టొచ్చు.

"వాళ్ళిచ్చే డబ్బుతో అమ్మ పని మానేస్తుంది కోచ్. అమ్మ చేతులు చూశారుగా."

"చూశాను."

"కాలు సంగతి చెప్పొద్దు. స్కాన్ అడిగితే నేను సంతకం పెట్టను. మిస్ నాడీన్ నా సంతకం లేకుండా పంపలేరు. మీరు కూడా ఏమీ అనొద్దు."

"నేను అబద్ధం ఆడను టేవియన్. నీకు తెలుసు."

"తెలుసు కోచ్" అన్నాడు వాడు. అని ఇంకా కాసేపు అక్కడే నిలబడ్డాడు. బతిమాలుతున్నాడనుకున్నాను.

మర్నాడు పొద్దున క్రెస్ వచ్చి నేను పట్టీలు కట్టే బల్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"వాళ్ళు ఫోన్ చేస్తారు నాడీన్. ఏం చెప్పమంటావు?"

ఆ పూట నా కోపం వేరే. కిరాణా కొట్లో బర్ల్ కనబడి, "టేవియన్ పోతే మీ కోచ్ కూడా పోతాడటగా, కుర్రాణ్ణి గొలుసేసి కట్టుకుంటాడేమో చూడు" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను తిట్టాల్సింది బర్ల్‌ని, దొరికింది క్రెస్.

"చెప్పు, చెప్పి చూడు" అన్నాను. "కుర్రాడు ఉండిపోతే నీ కుర్చీ ఉంటుంది, పోతే ఊడుతుంది, ఊరందరికీ తెలుసు. నువ్వు నిజం చెప్పావని నమ్మేవాడు ఒక్కడుంటే నేను గుండు కొట్టించుకుంటా. కుర్చీ కోసం పెంచిన పిల్లాడి కాలు నరికాడంటారు."

"అంటే అననీ. నువ్వో?"

"నేనా? నేను కూడా ఓ క్షణం అనుకుంటాలే."

వేళాకోళానికి అన్నాను. ఒట్టు, వేళాకోళానికే అన్నాను. అతను నవ్వలేదు. బల్ల దిగి, కాగితం దుప్పటి నలిగితే సరిచేసి వెళ్ళిపోయాడు.

గురువారం పదిగంటలకి ఫోన్ వచ్చింది. అతను దాన్ని నా గదిలోకే తెచ్చుకుని, నాకు వినపడేలా బల్ల మీద పెట్టాడు. అవతల ఆ విశ్వవిద్యాలయం అసిస్టెంట్ కోచ్. మర్యాదస్తుడే.

"కోచ్ క్రెస్, మీరు పంపిన కాగితంలో ఎడమ పాదం నొప్పి, ఎనిమిది వారాలు విశ్రాంతి అని ఉంది. స్కాన్ పంపడానికి కుర్రాడు సంతకం పెట్టలేదు. కొత్తది తీయిద్దామని మా డాక్టరు పట్టుబడుతున్నాడు. మాకు టైము లేదు, ఇంకో రెండు కాలేజీలు వెంటపడుతున్నాయి. మీరొక మాట చెప్పండి చాలు."

క్రెస్ నావైపు చూశాడు. నేను దూది పొట్లం విప్పుతున్నాను. విప్పాల్సిన అవసరం ఏమీ లేదు.

"బాగానే ఉన్నాడు" అన్నాడు.

"మరి ఇరవై నాలుగు నిమిషాలే ఆడించారెందుకు?"

"అది నా పద్ధతి."

"సరే కోచ్. మీరన్నాక ఇంక స్కానెందుకు? థాంక్స్."

అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు. ముప్పై ఏళ్ళు ఒక్కొక్క నిజమే కూడబెట్టుకున్న మాట కాబట్టి ఆ అబద్ధం చెల్లింది. ఇంకో కోచ్ అయ్యుంటే నమ్మేవాళ్ళు కారు, ఆ పాదాన్ని నాలుగు వైపుల నుంచీ తీయించేవాళ్ళు. అతను తలనొప్పి మాత్ర అడిగాడు. ఇచ్చాను. నీళ్ళు లేకుండా మింగాడు.

టేవియన్ జూన్‌లో వెళ్ళిపోయాడు. లట్రీస్ ఫ్యాక్టరీ మానేసింది. క్రెస్ ఆ వేసవంతా పోర్టల్‌లోంచి ఐదుగుర్ని తెచ్చాడు. ఎవరి కోచ్‌కీ ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని అడిగితే, "ఏం చేసుకోను, వాళ్ళు చెప్పేది వినీ?" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా మాట్లాడలేదు. వచ్చినవాళ్ళు ఎలాంటివాళ్ళో చూడలేదు. సుద్దముక్క ముట్టుకోలేదు. ఎలాగూ ఏడాదికి పోయేవాళ్ళకి అడుగులు నేర్పడం దండగన్నాడు.

నవంబరు ఆఖరి ఆదివారం మధ్యాహ్నం నది ఒడ్డున చేపలు వేయించి పెట్టే కొట్లో కూర్చుని ఉన్నాం, నేనూ, వాండా, అతనూ. టీవీలో టేవియన్ ఆట వస్తోంది. అది వాళ్ళకి అయిదో ఆట. బర్ల్ కూడా పక్క బల్ల దగ్గర ఉన్నాడు, "మన పిల్లాడు, మన పిల్లాడు" అంటూ. నేను తెలియకుండానే కాగితం రుమాలు మీద నిమిషాలు గీస్తున్నాను. ఇరవై నాలుగు దాటింది. ముప్పై దాటింది. క్రెస్ నా గీతల్నే చూస్తున్నాడు, టీవీని కాదు. ముప్పై ఏడో నిమిషంలో టేవియన్ బంతి కోసం ఎగిరాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. కింద దిగి, నేల మీద కూర్చుని తన పాదం వైపు చూసుకున్నాడు. అరవలేదు. నొప్పి ఎక్కువైనప్పుడు వాడు అరవడు, నాకు తెలుసు.

క్రెస్ చేతిలో ఉన్న చేప బన్ను పళ్ళెంలో పెట్టేశాడు. "పద" అన్నాడు వాండాతో. ఆవిడకేమీ తెలియదు. "ఆట అవ్వలేదుగా కోచ్" అంది.

పాదాన్ని రెండుసార్లు కోశారు. ఒక మేకు బిగించారు, ఎముక అతకలేదు. రెండోసారి కోసిన డాక్టరు ఇంక ఆటలు వద్దన్నాడు. విశ్వవిద్యాలయం చదువుకోమంది, జట్టు జాబితాలో పేరు తీసేసింది. ఇస్తామన్న డబ్బు ఆడేవాళ్ళకే కాబట్టి అదీ ఆగిపోయింది. జనవరిలో టేవియన్ ఇంటికొచ్చేశాడు. లట్రీస్ మళ్ళీ ఫ్యాక్టరీకి పోయింది. పాత చోటు ఇవ్వలేదు, ఇంకా చల్లగా ఉండే గదిలో వేశారు.

ఊరు క్రెస్‌ని జాలిగా చూసింది. హాల్లో బర్ల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు నిమిషాలు లెక్కపెట్టి ఆడించావు. వాళ్ళు గొడ్డుని తోలినట్టు తోలారు. నీ దగ్గరే ఉండుంటే కాలు నిలిచేది" అన్నాడు. అందరూ అవునన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. తిట్లు తినగలిగిన మనిషి ఆ చప్పట్లు తట్టుకోలేకపోయాడు. బయటికొచ్చి కారు తాళంచెవి నా చేతికిచ్చేశాడు. నేనే తలుపు తీశాను. అనుమానం ఒక్కడికి కూడా రాలేదు చూడండి. ఎవరంటారు, క్రెస్ అబద్ధమాడాడని?

ఆ ఏడు ఆరు ఆటలే గెలిచాం. మార్చిలో ఆల్‌బ్రెక్ట్ అతన్ని పంపించేశాడు. కుర్చీ పోకూడదని నిజం చెప్పాడంటారేమోనని భయపడ్డవాడికి, చివరికి ఆ కుర్చీ కూడా మిగల్లేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం క్రెస్ మా ఇంటికొచ్చాడు. "టేవియన్‌ని చూడ్డానికి పోతున్నాను. నువ్వొస్తే కాలు చూస్తావు" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు పోలేదు?" అని అడిగాను.

"ఉద్యోగం ఉండగా ఏ మొహం పెట్టుకుని పోను?"

మూడు గంటల దారి. రేడియో పెట్టలేదు. లట్రీస్ తలుపు తీసి, మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంది. టేవియన్ సోఫాలో ఉన్నాడు, కాలు కుర్చీ మీద. లేవబోతే వద్దన్నాను. కట్టు విప్పి చూశాను. కుట్లు మానాయి. బొటనవేలు కదపమంటే కొంచెం కదిపాడు. ఇరవై రెండేళ్ళవాడి పిక్క చిక్కి నా ముంజేయంత అయింది. వాచిన చోట వేలు పెట్టి నొక్కుతూ, నొప్పా అని అడిగాను. లేదు మిస్ నాడీన్ అన్నాడు. నా దగ్గర ఎప్పుడూ అదే అబద్ధం.

క్రెస్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు. "లట్రీస్, నీకొకటి చెప్పాలి" అన్నాడు. చెప్పాడు. ఎముక సంగతి, డాక్టరు అన్నమాట, ఫోన్‌లో తనన్న మాట. ఏమీ తగ్గించలేదు. ఆవిడకి ఆ ఎముక సంగతే తెలియదు. కొడుకు నొప్పి అన్నాడనీ తగ్గిందనీ మాత్రమే తెలుసు.

ఆవిడ కొడుకు వైపు చూసింది, తరువాత క్రెస్ వైపు.

"చెప్పొద్దని నేనే అన్నానమ్మా" అన్నాడు టేవియన్.

"నువ్వూరుకో. నీకప్పుడు ఇరవై ఒకటి. వద్దనడం నీ వయసు" అంది. "మీకు అరవై దగ్గర పడుతోంది కోచ్. చెప్పడం మీ వయసు. నా చేతులు పోయినా బాధపడేదాన్ని కాదు. వాడి కాలు తీసుకెళ్ళి నా చేతులకి బదులిచ్చారు మీరిద్దరూ. నన్నడిగారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు వాళ్ళకి?"

"భయపడ్డాను."

"ఎవరికి?"

క్రెస్ నావైపు చూడలేదు. ఒక్కసారి చూసినా బాగుండేది. "మా ఊరివాళ్ళకి" అన్నాడు. "నా కోసమే చెప్పాననుకుంటారని."

లట్రీస్ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పంపు విప్పిన చప్పుడు వినబడింది. నేను కట్టు మళ్ళీ చుడుతున్నాను. ఆ భయం పెట్టింది నేనే, నా నోరే అని ఆవిడ వెనకాలే పోయి చెప్పాలి. అప్పుడే చెప్పాలి. కట్టు చుట్టడం అయిపోయినా చివర నొక్కి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"కోచ్" అన్నాడు టేవియన్. గొంతులో కోపం లేదు. ఉంటే ఎంతో నయం. "నేను వద్దన్నాను గాని, మీరు చెప్తారనే అనుకున్నాను. మీరెప్పుడూ చెప్తారుగా. మీరు చెప్తే వాళ్ళే వద్దంటారు, అమ్మకి నేను చెప్పక్కర్లేదు, ఇక్కడే ఉండిపోతాను అనుకున్నాను."

క్రెస్ టోపీ కుర్చీ మీద పెట్టబోయి, అక్కడ వాడి కాలు చూసి ఆగిపోయాడు.

"వాళ్ళు ఫోన్ చేసి, నేను బాగానే ఉన్నానని మీరన్నారని చెప్పి రమ్మన్నారు. అప్పుడు నాకు చాలా సంతోషమేసింది" అన్నాడు వాడు. "కోచ్ అన్నారంటే నిజంగానే బాగైపోయి ఉంటుంది అనుకున్నాను. ఆ తరువాత నొప్పొచ్చినా ఎవరికీ చెప్పలేదు."